నిద్రపోయిన సంగతి ఎవరూ చెప్పరు

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి నార్సింగి వైపు ఏ ఇడ్లీ కొట్టు దగ్గరికెళ్ళినా ఈ దృశ్యం తప్పదు. గోడకి వరసగా ఆనించిన సైకిళ్ళు, ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల జెర్సీలు, నెత్తిమీద హెల్మెట్టు కూడా తియ్యకుండా రెండో ప్లేటు ఇడ్లీ లాగించేస్తున్న నలభై దాటిన పెద్దమనుషులు. అందులో సగం మంది మన జాతే. వారమంతా కుర్చీలో కూర్చుని కోడు రాసి (లేదా రాసేవాళ్ళని రాశారా, రాశారా అని అడిగి), శనాదివారాలు వచ్చేసరికి తమకి కాళ్ళున్నాయని గుర్తు తెచ్చుకునేవాళ్ళు. 2011 నుంచి నేనూ ఆ మందలో ఒకణ్ణి.

అక్కడ నడిచే మాటలు రెండే రకాలు. నేను కొన్న సైకిళ్ళు, నేను తొక్కిన దూరాలు. మొదటిది ఎత్తుకున్నారంటే ఫ్రేము కార్బనా, స్టీలా, టైరు ఎన్ని మిల్లీమీటర్లు, సీటు బరువు ఎన్ని గ్రాములు అని ఒక గంట. సీటు బరువు ఎనభై గ్రాములు తగ్గించడానికి ఎనిమిది వేలు పెట్టినవాడు మూడో ప్లేటు ఇడ్లీ చెప్తుంటాడు, అది వేరే సంగతి. రెండోది ఎత్తుకున్నారంటే ఇక టైమే తెలీదు. ఎదురుగాలి, ఘాట్ రోడ్డు, అర్ధరాత్రి పంక్చరు, కుక్కలు, చివరి పది కిలోమీటర్లు.

నాకీ కథలంటే ప్రాణం. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇప్పుడు రాయబోయేది వాటిమీద ఫిర్యాదు. నా మీద ఫిర్యాదు అన్నా సరిపోతుంది.

ఆనవాయితీ ప్రకారం నా సైకిళ్ళ చిట్టా ముందు. మొదటి సైకిలు నాది కాదు, నాన్నది. 22 అంగుళాల నల్ల అట్లాస్. సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందవు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఓ పక్కకి వంచి, సగం సగం తొక్కుతూ నేర్చుకున్నా. ఎడమ మోకాలి మీద ఆ చదువు తాలూకు సర్టిఫికెట్టు ఇంకా ఉంది. (ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు! ఆ వార్త నాన్నకి ఫోన్లో చదివి వినిపిస్తే "మన బండి బానే ఉందిగా" అన్నారు.) ఇంటర్లో బీఎస్ఏ ఎస్ఎల్ఆర్, దాని మీద ఎక్కితే సినిమా హీరోనే అనుకునేవాణ్ణి. ఇంజనీరింగులో సెకండ్ హ్యాండు హీరో రేంజరు, ఎడ్లబండికి హ్యాండిలు తగిలించినట్టుండేది. ఉద్యోగం వచ్చాక సైకిలు పోయి బైకు, బైకు పోయి కారు, కారుతో పాటు పొట్ట. 2011లో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి తలెత్తి నా మొహం చూసిన రోజు సాయంత్రం ఓ హైబ్రిడ్ సైకిలు కొన్నా. 2014లో ఓ స్టీలు టూరింగ్ సైకిలు. అదే ఇప్పటికీ తొక్కుతున్నది.

ఆ స్టీలు సైకిలు ఎడమ బ్రేకు లివరు కొంచెం లోపలికి వంగి ఉంటుంది. ఎవరైనా అడిగితే "టీ కొట్టు దగ్గర గోడకి ఆనించా, జారి పడింది" అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. చాలా ఏళ్ళు చెప్పిన అబద్ధం.

అసలు సంగతి చెప్పాలంటే బ్రెవెట్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఇది రేసు కాదు. ఒక దూరాన్ని ఒక గడువులోపల సొంతంగా పూర్తి చెయ్యడం. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు. దారిలో చెప్పిన చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. వెనక కారు రాదు, పంక్చరైతే మనమే వేసుకోవాలి, ఆకలేస్తే మనమే కొనుక్కోవాలి. ఒకే సీజన్లో ఈ నాలుగూ పూర్తి చేసినవాణ్ణి సూపర్ రాండనూర్ అంటారు. ఫ్రాన్సులో ఆడాక్స్ క్లబ్ పారీజియన్ అనే సంస్థ ఇదంతా ఖాయం చేస్తుంది. అందులో నాకు బాగా నచ్చే సంగతి, ర్యాంకులు లేకపోవడం. 400ని పద్దెనిమిది గంటల్లో కొట్టినవాడికీ, ఇరవయ్యారు గంటల యాభై తొమ్మిది నిమిషాలకి చేరినవాడికీ దక్కే గౌరవం ఒకటే. గడియారం ఆగదు, అంతే. తిన్నా, తాగినా, పడుకున్నా అది నడుస్తూనే ఉంటుంది.

2016 డిసెంబరులో నా మొదటి 400. హైదరాబాదు నుంచి బెంగుళూరు హైవే మీద అలంపూర్ చౌరస్తా దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి. శనివారం పొద్దున ఆరింటికి మొదలు, ఆదివారం పొద్దున తొమ్మిదికి గడువు. శుక్రవారం రాత్రి మాకు రిలీజు. కాల్ అయ్యేసరికి పన్నెండున్నర. మూడున్నరకి అలారం. మూడు గంటల నిద్రతో నాలుగొందల కిలోమీటర్లకి బయల్దేరిన ఆ ఇంజనీరు ఉదయం తొక్కుతున్నప్పుడు ఎంత హుషారుగా ఉన్నాడో మీరు చూడాల్సింది. జడ్చర్లలో దోశ, కొత్తకోటలో భోజనం, బీచుపల్లి వంతెన మీద ఫోటో, కింద కృష్ణ.

నేను అందరికీ చెప్పిన కథ ఇలా సాగుతుంది. తిరుగు ప్రయాణంలో చలి. పదకొండు తర్వాత ఒక్కణ్ణే అయిపోయా. లారీల దీపాలు తప్ప ఏమీ లేదు. పడుకుంటే లేవలేనని తెలుసు కాబట్టి పడుకోలేదు. పాటలు పాడుకున్నా, ఎక్కాలు అప్పజెప్పుకున్నా, మొహాన నీళ్ళు కొట్టుకున్నా. ఇరవయ్యారు గంటల యాభై నిమిషాలకి, పది నిమిషాలు మిగిలుండగా చేరా. ఒక్క కునుకు కూడా తియ్యలేదు!

ఇక్కడ అందరూ చప్పట్లు కొట్టేవారు. నిజంగానే కొట్టేవారు. ఆఫీసులో టౌన్ హాల్ మీటింగులో ఒకసారి చెప్పించారు కూడా, "పట్టుదల" అనే విషయం మీద.

జరిగిందేమిటంటే, తెల్లవారుజామున మూడూ నలభైకి, భూత్పూర్ దాటాక, నాకు నిద్ర పట్టింది. తొక్కుతూనే. ఎంతసేపో తెలీదు. కళ్ళు తెరిచేసరికి చెవి పక్కనే లారీ హారను, ఒంటి మీదకి ఓ వేడి గాలి. నేను తెల్ల గీత దాటి లారీ నడిచే లైనులోకి వచ్చేసి ఉన్నా. హ్యాండిలు ఎడమకి లాగిందెవరో నాకు తెలీదు, నేను మాత్రం కాదు. కంకరలోకి పోయి పడ్డా. లివరు అప్పుడు వంగింది. కాసేపు అలాగే కూర్చుని, చేతులు వణుకుతుంటే చేతులకేసి చూసుకుంటూ, తర్వాత లేచి ఏం చేశానో తెలుసా? టైము చూసుకున్నా. ఇంకా పూర్తి చెయ్యొచ్చా లేదా అని. మా ఆవిడ గుర్తు రాలేదు, అప్పటికి మూడేళ్ళున్న మా అమ్మాయి గుర్తు రాలేదు. తొంభై కిలోమీటర్లు, అయిదుంబావు గంటలు, ఫరవాలేదు అనుకున్నా. ఆ భయానికి తెల్లారేదాకా మళ్ళీ నిద్ర రాలేదు. అదీ నా పట్టుదల.

ఈ ముక్క కథలోంచి ఎందుకు తీసేశానంటే పెద్ద కారణాలేం లేవు. ఇంట్లో తెలిస్తే సైకిలు అటకెక్కిస్తారు, అదొకటి. రెండోది, ఆ ముక్క ఉంటే కథ బాగుండదు. హీరో ఉన్నట్టుండి వెర్రివాడైపోతాడు. మొదటిసారి తీసేసి చెప్పినప్పుడు కొంచెం గుచ్చుకుంది. ఓ పదిసార్లు చెప్పాక నాకే అది జరగనట్టు అనిపించింది.

మా టీములో ఒక కుర్రాడుండేవాడు. ఖమ్మం వాళ్ళు. నా కథలు విని విని సైకిలు కొన్నాడు. ఏ సైకిలు కొనాలో నేనే చెప్పా, సైజు కూడా నేనే చూశా. 200 చేశాడు, 300 చేశాడు, నాకంటే గట్టివాడు. 2019 జనవరిలో అదే దారిలో 400కి వెళ్ళాడు. ఆ వారం నేను ఊళ్ళో లేను. ఆదివారం పొద్దున ఏడింటికి ఫోను. నాలుగున్నర ప్రాంతంలో రోడ్డు వార ఆపి ఉన్న ట్రాక్టరు ట్రాలీని వెనకనుంచి గుద్దేశాడు. కాలర్ బోను విరిగింది, రెండు పళ్ళు పోయాయి. హెల్మెట్టు ముందు భాగం పగిలిపోయింది, తల దక్కింది. మొదట అందరం ట్రాలీవాణ్ణి తిట్టుకున్నాం, వెనక రేడియం స్టిక్కరు లేదని. తిట్టదగ్గ పనే. కానీ కుర్రాడు ఆసుపత్రిలో పళ్ళు లేని నోటితో మెల్లిగా చెప్పాడు. "కొత్తకోట దగ్గర పడుకుందామనుకున్నా అన్నా. బెంచీ కూడా చూసుకున్నా. టైము కూడా ఉంది. కానీ నువ్వు పడుకోకుండా చేశావు కదా..."

పక్కనే వాళ్ళమ్మగారు. రాత్రికి రాత్రి ఖమ్మం నుంచి వచ్చారు. నన్ను తిడతారనుకున్నా. "మీరేనా బాబూ, రాత్రంతా కన్ను మూయకుండా తొక్కినాయన? మావాడు మీ గురించి ఎంత చెప్పేవాడో" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

అప్పుడైనా నిజం చెప్పానా? లేదు. యాపిల్ పళ్ళు బల్ల మీద పెట్టి, "రెస్టు తీసుకో తమ్ముడూ" అని వచ్చేశా.

సంక్రాంతికి ఊరెళ్ళా. నాన్న పంచదార ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. క్రషింగ్ సీజను నడుస్తున్నప్పుడు రాత్రి షిఫ్టులు. ఫ్యాక్టరీకీ మా ఊరికీ పదకొండు కిలోమీటర్లు, కాలవ గట్టు మీద. ఆ రోజుల్లో గట్టు మీద దీపాలుండేవి కాదు, సైకిలు డైనమో వెలుగే వెలుగు, అదీ తొక్కుతున్నంత సేపే. షిఫ్టు అయ్యాక తెల్లారుజామున చలిలో తొక్కుకుంటూ రావడం. అలా ముప్ఫయ్యేళ్ళు. లెక్కేస్తే మా క్లబ్బులో ఎవడూ దగ్గరికి రాడు, కానీ నాన్న ఎప్పుడూ లెక్కెయ్యలేదు.

ఆయన చెప్పే సైకిలు కథలు మాత్రం నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, కాకపోతే అవి కథలని నేనెప్పుడూ అనుకోలేదు. "ఇవాళ తూము దగ్గర నిద్రొచ్చింది, దిగి నడిచా." "రాత్రి వంతెన గోడ మీద ఓ అరగంట ఒరిగా, దోమలు పీకేసినయ్." ఒకసారి తుమ్మచెట్టు మలుపు దగ్గర తొక్కుతూనే నిద్రపోయి సైకిలుతో సహా కాలవలోకి పోయారు. ఒళ్ళంతా బురదతో ఇంటికొచ్చి అమ్మకి చెప్పి నవ్వారు. ఫ్యాక్టరీలో చెప్పి నవ్వారు. ఊళ్ళో టీ కొట్టు దగ్గర చెప్పి నవ్వారు. చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం కామెడీ కలిపేవారు, టిఫిను క్యారేజీ తేలుకుంటూ పోవడం, దాని వెనకాల ఈయన ఈదడం. ఇంకో ఇద్దరు మేమూ అక్కడే పడ్డామని ఒప్పుకున్నారు. అప్పట్నుంచి రాత్రి షిఫ్టు వాళ్ళందరూ తుమ్మచెట్టు రాగానే సైకిలు దిగి ఓ ఫర్లాంగు నడిచి మళ్ళీ ఎక్కేవారట. ఎవరూ చెప్పి పెట్టిన రూలు కాదది.

ఆ సంక్రాంతికి నాన్నకి లారీ సంగతి చెప్పా. మొదటిసారి ఒక మనిషికి చెప్పడం. ఆయన లారీ గురించి ఏమీ అనలేదు. "మరి మిగతావాళ్ళకి చెప్పలేదా?" అన్నారు. చెప్పలేదన్నా. "మరి వాళ్ళెట్టా చూసుకుంటార్రా?" అన్నారు. నాకు తెలిసి అందులో మందలింపు కూడా లేదు. పంపు కనెక్షను ఎందుకు సరిగా బిగించలేదని అడిగినట్టు అడిగారు.

ఇప్పుడు కాస్త సైన్సు. మనవాళ్ళు అంకెలు లేకపోతే నమ్మరు కదా. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో పనిచేసే పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక చిన్న పేపరు వేశారు. మనుషుల్ని ఒకసారి మేలుకోబెట్టి, ఇంకోసారి మందు పోయించి, రెండుసార్లూ ఒకే పరీక్ష పెట్టారు. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి తీరుకి సమానం. ఇరవైనాలుగు గంటలైతే దాదాపు 0.10 శాతంతో సమానం. మన మోటారు వాహనాల చట్టంలో తాగి నడిపేవాడికి హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. మూడున్నరకి లేచి ఆరింటికి మొదలెట్టిన నేను రాత్రి ఎనిమిదిన్నరకే ఆ హద్దు దాటేశా. మూడూ నలభైకి అయితే మూడింతలు. పైగా తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా ఒంటి గడియారం కూడా పడుకోమనే చెప్తుంది. అదే మనిషి నాలుగు పెగ్గులేసి హైవే మీద సైకిలు తొక్కానని చెప్తే ఇడ్లీ కొట్టు దగ్గర చప్పట్లు కొడతామా?

ఇంకో అంకె. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి అయిదున్నర మీటర్లు. నాలుగు సెకన్ల కునుకు అంటే 22 మీటర్లు. తెల్ల గీతకీ లారీకీ మధ్య ఒక మీటరు ఉంటే గొప్ప.

దీనికి మందు ఏమైనా కష్టమైందా అంటే, అదీ కాదు. 400 లెక్క చూడండి. సగటున 20 మీద తొక్కగలిగితే తొక్కుడికి ఇరవై గంటలు. 27లో ఏడు మిగిలాయి. తిండికీ, ముద్రలకీ, పంక్చర్లకీ నాలుగు గంటలు తీసేసినా మూడు గంటలు చేతిలో ఉన్నాయి. ఇరవై నిమిషాల కునుకు కూడా కాసేపు మనిషిని నిలబెడుతుంది. కాఫీ తాగి వెంటనే పడుకుంటే ఇంకా మంచిది, కాఫీ పని మొదలుపెట్టడానికి ఎలాగూ ఓ ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది, ఈ లోపు కునుకు అయిపోతుంది. ఆ మూడు గంటలు లేనివాడు, అంటే సగటు 16, 17 మీద తొక్కేవాడు, 400కి ఇంకా సిద్ధంగా లేడు. ఇంకో సీజను 300లు తొక్కాలి. ఈ మాట 2016లో నాకు ఎవరైనా చెప్పుండాల్సింది. శుక్రవారం రిలీజు ఉన్నవాడు శనివారం బ్రెవెట్‌కి రాకూడదన్నది కూడా.

ఈ నిద్రపోకపోవడం అనే గొప్ప మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆలోచిస్తే, పుట్టుకలోనే ఉంది. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి తిరిగి పారిస్ రావడానికి, సుమారు 1200 కిలోమీటర్లు, ఒక పత్రిక వాళ్ళు రేసు పెట్టారు. గెలిచినవాడు షార్ల్ టెరాన్, 71 గంటల 22 నిమిషాలు. మూడు రాత్రులు నిద్రపోలేదు. ముందున్న జీల్ లావాల్ అనే ఆయన ఓ చోట పడుకుంటే, ఆ సమయంలో టెరాన్ చప్పుడు చెయ్యకుండా దాటిపోయాడు. దూరాల సైకిలు కథల్లో మొట్టమొదటి పెద్ద కథలోనే పడుకున్నవాడు ఓడిపోయాడు, చూశారా! కానీ టెరాన్‌కి ముందుండి తొక్కే తోడు సైకిలిస్టులు ఉన్నారు, అది రేసు, ఆయన వృత్తి అది. లారీలు అసలు లేవు. అదే పారిస్-బ్రెస్ట్-పారిస్ ఇప్పుడు నాలుగేళ్ళకోసారి మామూలు మనుషులు తొంభై గంటల గడువుతో తొక్కుతున్నారు. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు చెప్తారు, దారిలో ముద్రలేసే చోట్ల పడక హాళ్ళుంటాయట, కొంచెం డబ్బు కట్టి ఎన్నింటికి లేపాలో చెప్తే ఊళ్ళో పెద్దవాళ్ళు వచ్చి భుజం తట్టి లేపుతారట. దారి పక్కన పొలాల్లో, బ్యాంకు ఏటీఎం గదుల్లో పడుకునేవాళ్ళు సరేసరి. వాళ్ళ పెద్ద పండగలోనే పడకలు వేశారు. మనం మాత్రం 1891 కథ పట్టుకుని వేలాడుతున్నాం.

దానికి తోడు మన ఫోన్లు. స్ట్రావాలో ఆ రోజు రైడు తెరిచి చూస్తే పెద్దక్షరాల్లో కనపడేది కదులుతున్న సమయం. ఆగిన సమయం వేరే, వెతుక్కుంటే దొరుకుతుంది. నేను కంకరలో కూర్చుని వణికిన పావుగంట ఆ లెక్కలో లేదు. మ్యాపు మీద చూస్తే ఓ సన్నటి గీత, అంతే. ఎవడు ఎక్కడ ఎంతసేపు పడుకున్నాడో అన్నది మనకి పనికొచ్చే సమాచారం. అదే మాయం.

మనం పొట్టకూటికి చేసే పనిలో ఇలా ఉండదు. రాత్రి సర్వరు పడిపోతే పొద్దున ఆర్‌సీఏ రాయాలి. ఎవరి తప్పన్నది పక్కన పెట్టి, ఏం జరిగింది, ఎన్నింటికి జరిగింది, ఎందుకు జరిగింది అని. పడబోయి తప్పిన సర్వరుకి కూడా రాస్తాం, మంచి టీములైతే. విమానాల వాళ్ళకైతే అమెరికాలో 1976 నుంచీ నాసా నడిపే ఏర్పాటు ఒకటుంది, పైలట్లు తమ పొరపాట్లు, తృటిలో తప్పిన ప్రమాదాలు పేరు బయటికి రాకుండా రాసి పంపొచ్చు. సర్వరు పడితే డాష్‌బోర్డు ఎర్రబడుతుంది, అంతే. అక్కడ అంత నిజాయితీగా ఉండే నేను, ప్రాణం పోబోయిన చోట "టీ కొట్టు దగ్గర జారి పడింది" అని క్లోజ్ చేసేశా. ఇలాంటి టికెట్టు నా టీములో ఎవడైనా క్లోజ్ చేస్తే ఊరుకుంటానా?

ఊరి నుంచి వచ్చాక కుర్రాడికి చెప్పా. చేతికి ఇంకా కట్టు ఉంది. విని చాలాసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పుంటే బాగుండేదన్నా" అన్నాడు. తర్వాత ఓ రెండు నెలలు నాతో ముభావంగా ఉన్నాడు. అది వాడి హక్కు.

ఆ తర్వాతి ఆదివారం ఇడ్లీ కొట్టు దగ్గర చెప్పా. మొదట ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన చట్నీ అడిగాడు. తర్వాత మెల్లిగా ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. ఏడు బ్రెవెట్ల సీనియరు ఒకాయన 600లో రెండో రాత్రి రోడ్డుకి అడ్డంగా గేదెల మంద కనపడితే బ్రేకేసి దిగి నిలబడ్డాడట, అక్కడ గేదెల్లేవు. ఇంకొకతను టీ తాగి సైకిలెక్కి వచ్చిన దిక్కుకే ఎనిమిది కిలోమీటర్లు తొక్కాడు. మాలో అందరికంటే వేగంగా తొక్కే అమ్మాయి, ప్రతి 400లోనూ పెట్రోలు బంకులో తప్పకుండా గంట పడుకుంటుందట, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట! ఇన్నేళ్ళు కలిసి తొక్కిన మనుషుల దగ్గర మొదటిసారి విన్న కథలివి. నాకైతే పాతవాటికంటే ఇవే రుచిగా అనిపించాయి. గేదెల కథకి ఎంత నవ్వామో.

ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఇలాంటివి చెప్తే కొత్తవాళ్ళు భయపడి రారు, క్లబ్బు మూతపడుతుంది అన్నాడొకాయన. భయపడి 400కి రానివాడు 200 తొక్కుతాడు, బతికుంటాడు కాబట్టి వచ్చే ఏడాది 400కీ వస్తాడు. కథ విని రానివాడు ఎవడైనా ఉంటే వాడికి నిజంగానే రావాలని లేదు. ఎవరి ఒళ్ళు వాళ్ళిష్టం, పెద్దవాళ్ళం కదా అన్నాడు ఇంకొకాయన. ఇది కొంచెం బలమైన మాట. కానీ లారీ డ్రైవరు సంగతేంటి? ఆ రాత్రి నన్ను తప్పించడానికి ఆయన కుడికి ఎంత కోశాడో, ఆ పక్కన ఎవరైనా ఉన్నారో లేదో నేను చూడను కూడా లేదు. ఆయన కూడా నిద్రలేకుండానే నడుపుతూ ఉండొచ్చు, ఆయనకి సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వరు.

నేనడిగేది పెద్దదేం కాదు. రైడు కథ చెప్తున్నప్పుడు ఎక్కడ పడుకున్నారో చెప్పండి. పడుకోకపోతే ఎక్కడ నిద్రొచ్చిందో చెప్పండి. మధ్యలో మానేసి బస్సెక్కి వచ్చినవాడికి కూడా ఓ కుర్చీ వేసి కథ చెప్పించండి. ఇప్పటిదాకా వాళ్ళు ఆ ఆదివారం అసలు ఇడ్లీలకే రారు. "కునుకు కూడా తియ్యలేదు" అన్నప్పుడు మాత్రం దయచేసి చప్పట్లు కొట్టకండి. నాకు కొట్టినవి వెనక్కి తీసుకున్నా ఫరవాలేదు.

కుర్రాడు 2021 నుంచి మళ్ళీ తొక్కుతున్నాడు. వాడి దారి కాగితంలో ముద్రల చోట్లతో పాటు పడకల చోట్లు కూడా రాసుకుంటాడు, బెంచీ ఉందా, అరుగు ఉందా, కుక్కలున్నాయా అన్నది సహా. ఇప్పుడు మా క్లబ్బులో చాలామంది దగ్గర ఆ కాగితం నకళ్ళున్నాయి. ఈ సీజన్లో మళ్ళీ అలంపూర్ చౌరస్తా 400 తొక్కుతున్నాం, వాడూ నేనూ కలిసి. ఆ శుక్రవారం సెలవు పెట్టేశా. తిరుగు ప్రయాణంలో కొత్తకోట దగ్గర రోడ్డుకి ఎడమ పక్కన రేకుల షెడ్డు కింద రెండు సిమెంటు బెంచీలున్నాయి, వాడు ఆ రోజు చూసి వదిలేసినవే. ఒకటి వాడిది, ఒకటి నాది, ఒంటిగంట నుంచి రెండూ పదిహేను దాకా. ఎవరైనా కలుస్తానంటే షెడ్డు వెనక అరుగు కూడా ఉంది. దోమలు మాత్రం విపరీతం, ఓడోమాస్ మర్చిపోకండి.